గంట నిండగానే తెగిపోతున్న ఆడియో ప్రసారం: లోపం ఎక్కడుంది?

దేవరకొండలో మా ఇంటి నుంచి వారానికి రెండు సాయంత్రాలు పద్యాల పఠనాన్ని ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా వినిపిస్తున్నాం. ఇంట్లోని కంప్యూటర్ నుంచి ఎంపీ3 ధ్వని సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున అద్దె సర్వర్‌లోని ఐస్‌కాస్ట్‌కు (ధ్వనిని వినేవాళ్లకు పంచే సాఫ్ట్‌వేర్) వెళ్తుంది. వినేవాళ్లు పాతికమందికి మించరు.

6:10కి మొదలుపెడితే సరిగ్గా 7:10కి తెగుతుంది. 6:25కి మొదలుపెడితే 7:25కి. సర్వర్ లాగ్‌లో మూలం (అంటే మా కంప్యూటర్) నుంచి డేటా రావడం లేదనే సందేశం కనిపిస్తుంది. మళ్లీ కలిపితే ఇంకో గంట నడుస్తుంది. పద్యం మధ్యలో గొంతు ఆగిపోతే వినేవాళ్ల సంగతేమో కానీ, చదివేవారికి మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది.

ఐస్‌కాస్ట్‌లో మూలం కోసం వేచి ఉండే గడువు 10 సెకన్లుంటే 30 చేశాను. వైఫై మానేసి తీగ పెట్టాను. పంపే సాఫ్ట్‌వేర్ మార్చాను. డేటా పరిమాణం వల్లనేమో అని 64 కిలోబిట్లకు తగ్గించాను. పంపిన డేటా సగమైంది, తెగే సమయం మాత్రం గంటే! అదే కంప్యూటర్‌ను ఫోను డేటాకు కలిపితే గంటన్నర పాటు ఆటంకం లేదు. విచిత్రం ఏమిటంటే, ఇంటి లైను మీద ప్రసారం తెగిన క్షణంలోనూ అదే సర్వర్‌కు పింగ్ (సర్వర్ అందుతోందో లేదో చూసే చిన్న పరీక్ష సందేశం) ఆగకుండా వెళ్తోంది. లైను పడిపోవడం లేదు, ప్రసారం సాగే ఆ ఒక్క టీసీపీ కనెక్షనే (కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య డేటా నడిచే లంకె) పోతోంది. ఇంటర్నెట్ ఇచ్చినవారు ‘మా వైపు అంతా బాగుంది’ అని ఒక్క మాటతో సరిపెట్టారు.

ఈ కనెక్షన్‌ను గంటకు తెంచుతున్నది మా ఇంటి రౌటరా, ఇంటర్నెట్ ఇచ్చేవారి పరికరమా అన్నది ఏ పరీక్షతో తేల్చుకోవచ్చు?