అప్‌డేట్: ఆస్టరాయిడ్స్ మెషీన్ రీసెట్ సమస్య తీరింది

పోయిన వారం అడిగాను కదా, మా గ్యారేజీలోని 1979 నాటి ఆస్టరాయిడ్స్ ఆర్కేడ్ మెషీన్ ఆట మధ్యలో తనంతట తానే రీసెట్ అవుతోందని. కారణం దొరికింది! మీరు చెప్పినట్టే గేమ్ బోర్డు మీది టెస్ట్ పాయింట్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూస్తే 4.6 వోల్టులే, పవర్ సప్లై బోర్డు దగ్గర మాత్రం సరిగ్గా 5. అంటే మధ్యలో కనెక్టర్‌లోనే పోతోంది. విప్పితే పిన్నులు నల్లగా మాడిపోయి ఉన్నాయి, గేమ్ బోర్డుకు ఎంత వోల్టేజీ అందుతోందో రెగ్యులేటర్‌కు (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) తెలిపే సెన్స్ వైరు పిన్ను అయితే అసలు తగలడమే లేదు. పిన్నులన్నీ కొత్తవి వేసి, పవర్ సప్లైలోని పెద్ద నీలం కెపాసిటర్ కూడా మార్చేశాను (అందులో కరెంటు నిల్వ ఉంటుంది, ముట్టుకునే ముందు డిశ్చార్జ్ చేయడం మర్చిపోవద్దు). ఇప్పుడు గేమ్ బోర్డు దగ్గర 5.02. రెండు గంటలు ఆడినా ఒక్కసారి కూడా ఆగలేదు. పాట్ (వోల్టేజీని సర్దే చిన్న తిప్పుడు మీట) తిప్పి వోల్టేజీ పెంచేయబోతుంటే నన్ను ఆపినవాళ్లకు చాలా థాంక్స్ అండీ.