వెయ్యి రెట్లు పెద్దవి చేసి చూసినా రైబోసోములు ఎందుకు కనిపించవు?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని):
ప్రయోగశాలలో ఉల్లిపొరను అయోడిన్‌తోనూ, బుగ్గ లోపలి కణాలను మిథిలీన్ బ్లూతోనూ రంజనం చేసి చూశాము. కేంద్రకాలు చక్కగా కనిపించాయి. అయితే ఆయిల్ ఇమ్మర్షన్ కటకంతో 1000 రెట్ల ఆవర్ధనంలో చూసినా రైబోసోములు గానీ, మైటోకాండ్రియా లోపలి మడతలు గానీ జాడ లేవు. 10 రెట్ల అక్షికటకం తీసేసి 20 రెట్లది పెడితే కనిపిస్తాయా? కనిపించవంటే, అన్ని పరిశీలనలకూ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినినే ఎందుకు వాడరు?

జవాబు 1 (అధ్యాపకుడు):
కనిపించవు. ఆవర్ధనం (పెద్దదిగా చూపడం) వేరు, పృథక్కరణ సామర్థ్యం (దగ్గరగా ఉన్నవాటిని విడదీసి చూపడం) వేరు. పరీక్షల్లో చాలామంది మొదటి దాన్ని మాత్రమే రాసి ఊరుకుంటారు. దగ్గర దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడివిడిగా చూపడానికి కాంతికి ఒక హద్దు ఉందని 1873లో ఎర్నెస్ట్ అబ్బే చూపించాడు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని కటకపు న్యూమరికల్ అపెర్చర్‌కు (కటకం ఎంత విశాలంగా కాంతిని గ్రహించగలదో చెప్పే సంఖ్యకు) రెట్టింపుతో భాగిస్తే ఆ హద్దు తెలుస్తుంది. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి, 1.4 అపెర్చర్ ఉన్న కటకానికి లెక్క వేసి చూడండి, దాదాపు 200 నానోమీటర్లు వస్తుంది. రైబోసోమ్ వ్యాసం సుమారు 25 నానోమీటర్లే కాబట్టి మీరు అక్షికటకం మార్చినా అదే మసక ఇంకాస్త పెద్దదిగా కనిపిస్తుంది తప్ప కొత్త వివరమేదీ రాదు. మైటోకాండ్రియా వెడల్పు అర మైక్రోమీటరుకు పైగానే ఉంటుంది గనుక తగిన రంజకం వాడితే దాని ఉనికి తెలుస్తుంది, లోపలి మడతలు మాత్రం తెలియవు.

తరంగదైర్ఘ్యం తగ్గితే ఆ హద్దు కూడా తగ్గుతుంది. లక్ష వోల్టుల త్వరణం పొందిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.004 నానోమీటర్లకన్నా తక్కువ. 1931లో నోల్, రుస్కాలు మొదటి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని రూపొందించడంతో ఈ దారి తెరుచుకుంది.

జవాబు 2 (నమూనాలు తయారుచేసే సాంకేతిక నిపుణురాలు):
మీ రెండో ప్రశ్నకు నా బల్ల మీద జరిగే పనే జవాబు. కణజాలాన్ని గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో స్థిరీకరించి (నిర్మాణం చెడకుండా నిలిపి), ఆస్మియం టెట్రాక్సైడ్‌లో ఉంచి, నీరంతా ఆల్కహాల్‌తో తొలగించి, రెజిన్‌లో పొదిగి, వజ్రపు కత్తితో కోస్తాము. ఆ ముక్కలు కత్తి వెనకనున్న నీటి మీద తేలుతుంటే, వాటి మీద మెరిసే రంగును బట్టే మందాన్ని పోల్చుకుంటాము. వెండి రంగులో ఉంటే సుమారు 60 నుంచి 90 నానోమీటర్లు, బంగారు రంగుకు తిరిగితే అంతకన్నా మందం. వాటిని 3 మిల్లీమీటర్ల రాగి జల్లెడ మీదికి ఎత్తి, యురేనియం, సీసపు లవణాలతో రంజనం చేస్తాము. సీసపు ద్రావణం దగ్గర ఊపిరి కూడా జాగ్రత్తగా వదలాలి. శ్వాసలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే సీసపు కార్బొనేటు ఏర్పడి, చిత్రం నిండా నల్లని మచ్చలు పడతాయి. పని నేర్చుకుంటున్న రోజుల్లో నేను ఒక రోజు శ్రమంతా అలాగే పాడుచేసుకున్నాను.

ఇంత చేశాక ఆ ముక్కను శూన్యంలో పెట్టాలి. ఇక బతికున్న కణాన్ని చూడడమన్న మాటే లేదు. చిత్రం కూడా నలుపు తెలుపుల్లోనే వస్తుంది. పుస్తకాల్లోని రంగులు తరువాత అద్దినవి.

జవాబు 3 (పరిశోధకుడు):
పై మాటకు ఒక హెచ్చరిక జోడిస్తాను. బ్యాక్టీరియా కణత్వచం లోపలికి ముడుచుకొని ఏర్పడే మీసోసోమ్ అనే నిర్మాణాన్ని ఎలక్ట్రాన్ చిత్రాల్లో చూసి, దానికి శ్వాసక్రియ వంటి పనులు కూడా అంటగట్టారు. రసాయనాలు వాడకుండా అతివేగంగా గడ్డకట్టించిన కణాల్లో అది కనిపించకపోవడంతో, స్థిరీకరణ వల్ల పుట్టిన కృత్రిమ రూపమని తేలింది.

అబ్బే హద్దు విషయంలోనూ ఒక సవరణ అవసరం. మెరిసే అణువులను ఒక్కొక్కటిగా వెలిగించడం వంటి ఉపాయాలతో ఫ్లోరెసెన్స్ సూక్ష్మదర్శిని ఆ హద్దును దాటగలిగింది. 2014 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆ పనికే వచ్చింది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
ధన్యవాదాలండీ. హైడ్రిల్లా ఆకులో జీవద్రవ్యం కదలడాన్ని చూడాలనుకుంటున్నాను. మా మామూలు సూక్ష్మదర్శిని సరిపోతుందా?

జవాబు 1 (అధ్యాపకుడు):
దానికి అదే సరైనది. లేత ఆకును నీటిబొట్టులో ఉంచి, 40 రెట్ల కటకంతో నడిమి ఈనె పక్కనున్న పొడవాటి కణాలను చూడండి. మొదట కదలిక లేకపోతే స్లైడును దీపపు వెచ్చదనంలో కాసేపు ఉంచండి. హరితరేణువులు కణకవచం అంచు వెంబడి ఒకదాని వెనక ఒకటిగా తిరగడం మొదలవుతుంది.