విండోస్ 10 కాలం తీరింది: ఐదు వందల యాక్టివేటరా, లినక్సా?

భవానీనగర్ డీటీపీ, తిరుపతి

అందరికీ నమస్కారం. నాకు భవానీనగర్‌లో ఒక చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు, కొండకు వెళ్ళే యాత్రికులకు దర్శనం టికెట్ల ప్రింట్లు మా రోజువారీ పని. ఉన్న నాలుగు కంప్యూటర్లూ చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవే, ఆరో తరం ఐ3 ప్రాసెసర్లవి. వాటిలో నడుస్తున్న విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. విండోస్ 11 ఏమో ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లను దాదాపుగా ఒప్పుకోదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలంటుంది.

మాకు సర్వీసు చేసే కుర్రాడు "అన్నా, మిషన్‌కు ఐదు వందలు ఇవ్వండి, ఆ షరతులు బైపాస్ చేసి పదకొండు వేసి, లైసెన్సు కొనకుండానే నడిచేలా యాక్టివేటర్ కొట్టేస్తాను, లైఫ్‌టైమ్" అంటున్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి మాత్రం విండోస్ తీసేసి అన్నిట్లోనూ ఉచితంగా దొరికే లినక్స్ వేసేద్దామంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. నీతి సంగతి తర్వాత చూద్దాం, ముందు షాపు నడవాలి.

జీఎస్టీ లెక్కలు, చిత్తూరు

మీ అబ్బాయి మాట వినకండి. నేను చిత్తూరులో బెల్లం మండీలకు లెక్కలు రాస్తాను. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం తయారైనది. డిజిటల్ సంతకం పెట్టడానికి గుచ్చే పెన్‌డ్రైవులాంటి టోకెన్ల డ్రైవర్లు, యుటిలిటీలు కూడా ఎక్కువగా విండోస్‌ను దృష్టిలో పెట్టుకొని చేసినవే. ఒక స్నేహితుడి మాట నమ్మి నేను ఒకసారి లినక్స్‌కు మారాను. రిటర్నుల గడువు రోజున టోకెన్ కనబడక, పక్క షాపులో కూర్చొని ఫైల్ చేసుకోవలసి వచ్చింది. నాలుగో రోజుకు తిరిగి విండోస్ వేయించుకున్నాను. విండోస్ ఆగిపోతే కుర్రాడు పది నిమిషాల్లో బండి మీద వస్తాడు. లినక్స్ ఆగిపోతే ఎవరిని పిలవాలో చెప్పండి.

ల్యాబ్ అసిస్టెంట్, తిరుపతి

చిత్తూరు సార్ చెప్పిన టోకెన్ ఇబ్బంది నిజమే. కానీ ఆయన పని వేరు, డీటీపీ అన్నగారి పని వేరు. దర్శనం టికెట్లు, హాల్ టికెట్లు, ప్రాజెక్టు రిపోర్టులు అన్నీ బ్రౌజరుతోనో లిబ్రేఆఫీస్‌తోనో జరిగిపోయే పనులు. వీటికి విండోస్ ఉండి తీరాలన్న నియమం లేదు.

ఇక ఆ "లైఫ్‌టైమ్" మాట. పెద్ద సంస్థలు తమ యంత్రాలన్నింటినీ ఒకేచోట నుంచి యాక్టివేట్ చేసుకోవడానికి కేఎంఎస్ అనే పద్ధతి ఉంది. అందులో ప్రతి యంత్రమూ 180 రోజుల లోపు సంస్థ సర్వరును పలకరించి అనుమతిని పొడిగించుకోవాలి. మన కుర్రాళ్ళు కొట్టే యాక్టివేటర్లలో చాలా మటుకు మీ కంప్యూటరులోనే అలాంటి ఒక నకిలీ సర్వరును నిలబెడతాయి. దాన్ని వేసే ముందు యాంటీవైరస్ ఆపమని ఎందుకంటారో ఎప్పుడైనా ఆలోచించారా? ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాముకు యంత్రం మీద పూర్తి అధికారం ఇచ్చి, కాపలావాడిని ఇంటికి పంపించినట్టు. మీ షాపు డెస్క్‌టాప్ మీద ఈ క్షణాన ఎంతమంది ఆధార్ పీడీఎఫ్‌లు పడి ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

2017 మే నెలలో, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. మద్దతు ఉన్న విండోస్ వెర్షన్లకు దాని విరుగుడును మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చేసింది. ఆ అప్‌డేట్ వేసుకున్న యంత్రాలు బయటపడ్డాయి, దెబ్బతిన్నవి వేసుకోనివే. బైపాస్ చేసి వేసిన పదకొండుకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వడం లేదు.

జీఎస్టీ లెక్కలు, చిత్తూరు

భయపెట్టడం సులభమే తమ్ముడూ. మా వీధిలో లైసెన్సు లేకుండా నడుస్తున్న షాపులు ఇరవై దాకా ఉన్నాయి. పదేళ్ళుగా ఎవరికీ ఏమీ కాలేదు.

న్యాయవాది, చిత్తూరు

కాకపోవడానికీ, కాదనడానికీ తేడా ఉంది. కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కూడా ఒక ప్రోగ్రామును కంప్యూటరులో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలుశిక్ష, 50,000 నుంచి 2,00,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. లాభం కోసమో వ్యాపారంలో భాగంగానో వాడలేదని తేలితే జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు న్యాయస్థానానికి ఉంది. ఇంట్లో పిల్లవాడి చదువు కోసం వాడినవారికి ఆ వెసులుబాటు దక్కవచ్చు గానీ, బోర్డు కట్టి డబ్బు తీసుకొనే షాపుకు దక్కడం కష్టం. ఎంతమందిని పట్టుకుంటున్నారన్నది నా ప్రశ్న కాదు. "అందరూ వాడుతున్నారు" అన్న వాదన కోర్టులో నిలవదని మాత్రం చెప్పగలను.

చిప్ లెవెల్ సర్వీస్, తిరుపతి

అన్నా, వీళ్ళు కొట్లాడుకుంటున్నారు సరే, అసలు మీ మిషన్లకు లైసెన్సు లేదని మీకు ఎవరు చెప్పారు? రిచ్చీ స్ట్రీట్‌కు వచ్చే బ్రాండెడ్ డెస్క్‌టాపులు ఎక్కువగా కంపెనీలు వాడి వదిలేసినవి. విండోస్ 8 కాలం నుంచి బ్రాండెడ్ మిషన్లకు కంపెనీ ఇచ్చే లైసెన్సు కీ స్టిక్కరు మీద కాకుండా మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటోంది. అమ్మేవాడు హడావుడిగా తన పెన్‌డ్రైవులో ఉన్న క్రాక్, అంటే లైసెన్సు తాళం పగలగొట్టిన కాపీ, వేసి ఇచ్చేస్తాడు, లోపల అసలు కీ నిద్రపోతూ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్ 10 దించుకొని, ఆ కీ ఏ ఎడిషన్‌దో అదే ఎడిషన్ ఫ్రెష్‌గా వేసి, నెట్ తగిలించి చూడండి. కీ ఉంటే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఒక షరతు: ఈ లైసెన్సు బోర్డుకు కట్టేసినది. బోర్డు మారిస్తే దానితోనే పోతుంది, వేరే మిషన్‌కు తీసుకుపోవడానికి కుదరదు.

యాక్టివేట్ అయితే ఇంటి వాడుక మిషన్‌కు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్ల పొడిగింపు తీసుకోవచ్చు. షాపులకు పెట్టిన షరతులు, ధర వేరు, అది చూసుకోండి.

భవానీనగర్ డీటీపీ, తిరుపతి

సర్వీస్ అన్నగారికి దండం. నిన్న ఆదివారం షట్టరు సగం దించుకొని నాలుగు మిషన్లలోనూ ప్రయత్నించాను. మూడింటిలో కీ ఉంది! నాలుగోది లోకల్ అసెంబుల్డ్ కాబట్టి అందులో లేదు. ఆరేళ్ళుగా నా సొంత లైసెన్సు మీద కూర్చొని దొంగ కాపీ వాడుతున్నానన్నమాట. కుర్రాడికి చెబితే నవ్వాడు.

అయితే ఈ పని చేస్తుండగా వేరే గొడవ బయటపడింది, దాని ముందు విండోసా లినక్సా అనే ఓఎస్ సంగతి చిన్నదిగా కనబడుతోంది. పదిహేనేళ్ళ క్రితం షాపు పెట్టిన కొత్తలో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఒకటి కొన్నాను. బ్యాంకు అప్పులో నుంచి డబ్బు కట్టి, బిల్లు తీసుకొని మరీ కొన్నాను. దానితో ఒక డాంగిల్ ఇచ్చారు. పెన్‌డ్రైవులా ఉంటుంది, అది గుచ్చితేనే ఫాంట్లు పని చేస్తాయి. మూడేళ్ళ క్రితం ఆ డాంగిల్ చచ్చిపోయింది. అమ్మినవారిని అడిగితే పాతది రిపేరు కాదు, కొత్త వెర్షన్ పూర్తి ధరకు కొనుక్కోమన్నారు. చేసేది లేక కుర్రాడి దగ్గర దాని క్రాక్ వేయించుకున్నాను. నా షాపు మొత్తంలో బిల్లు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఇదొక్కటే, దాన్నే క్రాక్ చేసి వాడుతున్నాను. ఆ బిల్లు ఇప్పటికీ లామినేషన్ చేసి బీరువాలో ఉంది.

ఫ్రెష్‌గా వేసిన విండోస్‌లో ఆ క్రాక్ ఎక్కలేదు. పేజ్‌మేకర్‌లో పాత పెళ్ళిపత్రిక తెరిస్తే, వధువు పేరు ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, టోపీ పెట్టిన అక్షరాలు, డాలరు గుర్తులు కలగాపులగంగా కనబడుతున్నాయి. ఇలాంటి ఫైళ్ళు నా దగ్గర మూడు వేలకు పైగా ఉన్నాయి. అన్న పెళ్ళికి వేయించినవారే తమ్ముడి పెళ్ళికీ వస్తారు, "అదే మోడల్, పేర్లు మార్చండి" అంటారు. అదే నా వ్యాపారం. లినక్స్ వేసుకున్నా, అసలు విండోస్ వేసుకున్నా ఈ ఫైళ్ళ గతి ఏమిటి?

న్యాయవాది, చిత్తూరు

చట్టం మీరు అనుకొంటున్నంత కఠినంగా లేదు. న్యాయంగా కొన్న ప్రోగ్రామును పోకుండా, పాడవకుండా కాపాడుకోవడానికి బ్యాకప్ కాపీ తీసుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ సాంకేతిక తాళాలను పగలగొట్టడాన్ని నేరం చేసింది గానీ, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే అన్నది. కొన్న సరుకును వాడుకోవడానికి చేసినది ఆ కిందికి రాదని వాదించవచ్చు. ఆ లామినేషన్ బిల్లు పారేయకండి. అయితే మీరు అమ్మకపు షరతులకు ఒప్పుకొని సంతకం పెట్టారా, అందులో ఏముందన్నది చూడకుండా ఇంతకుమించి చెప్పను.

పుస్తకాల టైప్‌సెట్టింగ్, తిరుపతి

బాబూ, నేను ఇరవై రెండేళ్ళుగా పుస్తకాలు కంపోజ్ చేస్తున్నదాన్ని. మీ ఫైళ్ళలో ఉన్నది తెలుగు కాదు, తెలుగులా కనబడే ఇంగ్లీషు. ప్రతి భాష అక్షరాలకూ సొంత గది ఇచ్చే యూనికోడ్ పద్ధతి మన చేతికి రాకముందు ఫాంట్లు తయారుచేసినవారు ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు ఉన్న గదుల్లో తలకట్టును ఒకచోట, ఒత్తులను ఒకచోట, గుణింతాలను ఒకచోట సర్దారు. ఆ సర్దుబాటు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. మీ కంప్యూటరు దృష్టిలో వధువు పేరు కొన్ని ఇంగ్లీషు గుర్తుల వరస మాత్రమే. ఆ ఫాంటు ఉంటే అది లక్ష్మి, లేకపోతే డాలరు గుర్తు. అందుకే ఆ ఫైలులో పేరు వెతకలేరు, వాట్సాప్‌లోకి కాపీ చేయలేరు. లైసెన్సు తాళం ఓఎస్‌కు వేశారనుకొని మీరందరూ దాని చుట్టూ తిరుగుతున్నారు. నన్నడిగితే అసలు తాళం అక్షరానికే పడింది. దాని తాళంచెవి ఆ డాంగిల్‌లో ఉండిపోయింది.

ఆ రోజుల్లో వారిని తప్పుపట్టను. వాళ్ళు లేకపోతే తెలుగులో డీటీపీయే లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించినా, మనం వాడిన పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. దాని ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దానినే ఇంకా పట్టుకొని ఉన్నది మనం.

ఇక దారి చెబుతాను. రామభద్ర, మల్లన్న, ధూర్జటి, మండలి, ఎన్టీఆర్, పెద్దన వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద దొరుకుతున్నాయి. వాటితో పెళ్ళిపత్రిక వేసి డబ్బు తీసుకోవచ్చు, ఎవరికీ రూపాయి కట్టనక్కర్లేదు. ఫాంటును మార్చుకొని పంచుకోవచ్చు కూడా, కాకపోతే అదే లైసెన్సు కింద ఇవ్వాలి, ఫాంటునే విడిగా అమ్ముకోకూడదు. పేజీ కట్టడానికి స్క్రైబస్ ఉంది. 2024లో వచ్చిన 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు సరిగానే కూర్చుంటున్నాయి. ప్రెస్సుకు పంపడానికి కావలసిన నాలుగు సిరాల సీఎంవైకే రంగుల్లో పీడీఎఫ్ కూడా ఇస్తుంది. ఇవన్నీ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తాయి కనుక మీ ఇంట్లో తండ్రీకొడుకులు దీనికోసం గొడవపడక్కర్లేదు. నాకు నచ్చనిది ఒకటుంది. పెళ్ళిపత్రికల మీద మనవాళ్ళు అలవాటుపడిన ఆ వంకీల అక్షరాలకు సాటి వచ్చే ఫాంటు ఈ స్వేచ్ఛా ఫాంట్లలో నాకు ఇంకా కనబడలేదు.

ల్యాబ్ అసిస్టెంట్, తిరుపతి

మేడమ్ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఇంగ్లీషువాళ్ళు ఫ్రీ అన్న ఒక్క మాటతోనే డబ్బు కట్టనక్కర్లేనిదాన్నీ, స్వేచ్ఛ ఉన్నదాన్నీ చెప్పుకోవలసి వచ్చి నలభై ఏళ్ళుగా వివరణలు ఇచ్చుకుంటున్నారు. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. కుర్రాడు ఐదు వందలకు వేసే విండోస్ దాదాపు ఉచితమే, స్వేచ్ఛ మాత్రం కాదు. జీపీఎల్ లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్‌ను డబ్బుకు అమ్మినా తప్పు లేదు, కొన్నవారికి సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, అందాలి, మార్చుకొనే హక్కు ఉండాలి.

జీఎస్టీ లెక్కలు, చిత్తూరు

మాటలు బాగున్నాయి. కానీ జీపీఎల్ సోర్స్ కోడ్ చదివి నా టోకెన్‌ను పలికించేవాడు చిత్తూరులో ఎక్కడున్నాడో చెబితే నేనూ మారతాను. డీటీపీ అన్నగారి ఫైళ్ళ విషయంలో మాత్రం మేడమ్‌తో ఏకీభవిస్తున్నాను. నా దగ్గరా పాత సాఫ్ట్‌వేర్‌లో చిక్కుకున్న ఐదేళ్ళ లెడ్జర్లు ఉన్నాయి.

భవానీనగర్ డీటీపీ, తిరుపతి

ప్రస్తుతానికి ఇలా చేశాను. కీ దొరికిన మూడింటిలో రెండు అసలు విండోస్ 10 మీదే ఉన్నాయి, ఈ ఏడాది గడిచాక వాటి సంగతి చూస్తాను. మూడోదాంట్లో పాత క్రాక్, పాత పేజ్‌మేకర్ ఎలాగో ఎక్కించి నెట్ వైరు పీకేశాను. అది పాత ఫైళ్ళు తెరవడానికి మాత్రమే. అసెంబుల్డ్ మిషన్‌లో మా అబ్బాయి లినక్స్ మింట్ వేశాడు. యాత్రికులకు టికెట్లు దాని మీదే ఇస్తున్నాం, వాళ్ళెవరూ తేడా గమనించలేదు. పాత లేజరు ప్రింటరు మాత్రం దానికి లొంగలేదు, పీడీఎఫ్ పక్క మిషన్‌కు పంపి అక్కడ నుంచి తీస్తున్నాం.

మేడమ్ చెప్పినట్టు ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టాను. మూడు వేలూ కాదు, ఎవరు మళ్ళీ వస్తే వారిది. నిన్న మొదటిది మార్చాను. కన్వర్టరు లక్ష్మిలో మకారం ఒత్తును మింగేసింది, అది చేత్తో సరిచేశాను. ప్రూఫ్ తీసి ఇచ్చాక పెళ్ళికూతురి మేనమామగారు కళ్ళజోడు పైకి తోసుకొని చూసి, "చిలసౌ పక్కన నిలువు గీతలు ఉండాలి కదయ్యా, ఇక్కడ ఏమిటిది, రెండు ‘ఠ’లు?" అన్నారు. పాత ఫాంటులో ఆ గీతల గదిలో ఏముందో మేడమ్ చెప్పగలరా? ఆ ఫైలులో గీతలున్న అన్నిచోట్లా ‘ఠ’లే వస్తున్నాయి.