పిల్లలకి గొలుసు పాట పుస్తకం చేస్తున్నా, మూడో పేజీకే ముడి పడిపోతోంది

పెన్సిల్‌ముక్క (గాజువాక)

అందరికీ నమస్కారం. ఇళ్ల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని, కవిని కాను, ముందే చెప్పేస్తున్నా. వచ్చే నెల మా పాపకి నాలుగో పుట్టినరోజు. బొమ్మలు నేను గీసి, రెండో తరగతి చదివే మా పెద్దాడు చెల్లికి చదివి వినిపించేలా ఓ చిన్న పుస్తకం చేద్దామని కూర్చున్నా.

పేజీ పేజీకీ ఒకటి చేరుతూ, చేరినప్పుడల్లా వెనకటిదంతా మళ్లీ చెప్పుకుంటూ పోయే రకం కావాలి. పాపకి అలాంటివంటే పిచ్చి. ఏడు చేపల కథ రోజూ రాత్రి చెప్పించుకుంటుంది. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అనేసరికి నా వేలు గిల్లి కానీ పడుకోదు.

కథ మా ఊళ్లో పాతింటిది. గోడలో దీపం పెట్టుకునే గూడు ఉండేది, మా నాయనమ్మ అందులో బెల్లం దాచేది. బెల్లానికి చీమ, చీమకి బల్లి, బల్లికి పిల్లి, పిల్లి వెనక మా చెల్లి, దాని వెనక మా అమ్మ. మొదట ఇలా రాశా:

చీమ వచ్చింది, బెల్లం చూసింది.
బల్లి వచ్చింది, చీమను మింగింది.
పిల్లి వచ్చింది, బల్లిని పట్టింది.

పిల్లి రాకముందే పాప లేచి వెళ్లిపోయింది. సరే, ఇంగ్లిష్ రైమ్స్‌లో కొత్తది ముందు చెప్పి పాతదంతా తగిలిస్తారు కదా అని ఇలా తిప్పా:

ఇదిగో పిల్లి.
బల్లిని పట్టిన పిల్లి.
చీమను మింగిన బల్లిని పట్టిన పిల్లి.
బెల్లం కొరికిన చీమను మింగిన బల్లిని పట్టిన పిల్లి.

పెద్దాడు చదవబోయి ఆగిపోయాడు. "నాన్నా, ఇంతకీ ముందెవరు?" అన్నాడు. సమాధానం నాకూ తెలియలేదు.

ఇంకోటి. పాపకి గూడు అంటే పిట్ట గూడే. డబ్బా అని మార్చేయమంటారా?

కందిపొడి

బల్లి ఎందుకండీ బాబూ పిల్లల పుస్తకంలో? మా ఇంట్లో పంచాంగం తీసి బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో చూసేవాళ్లున్నారు. ఉడత పెట్టుకోండి. ముద్దుగా ఉంటుంది.

బాపమ్మ_మనుమరాలు (కరీంనగర్)

అన్నా, ఏడు చేపల కథ గొలుసే గని, మీరు అడిగిన రకం కాదు. అండ్ల ఒక్కొక్కళ్లను ఒక్కసారే అడిగి ముందుకు పోతరు, వెనుకటిది మళ్ల ఎత్తుకోరు. చేపను అడిగినంక గడ్డి, గడ్డిని అడిగినంక ఆవు, అంతే.

మీకు కావాల్సింది ఈగ కథ. ఇల్లు అలుక్కుంట అలుక్కుంట పేరు మర్చిపోయిన ఈగ. పెద్దమ్మను అడిగితే "నాకేమెరుక, నా కొడుకునడుగు" అంటది. కొడుకు గొడ్డలిని అడుగుమంటడు. అట్ల పోంగ పోంగ ఆఖరికి మా బాపమ్మ ఒక్క ఊపిరిల అనేది:

"పెద్దమ్మా, పెద్దమ్మ కొడుకా, కొడుకు చేతుల గొడ్డలీ, గొడ్డలి నరికే చెట్టూ, చెట్టుకు కట్టిన గుర్రమా, గుర్రం కడుపుల పిల్లా, నా పేరేంది?"

గుర్రం పిల్ల కడుపులకెల్లే "ఇహిహీ" అని నవ్వుతది. "ఆఁ, ఈగ! నా పేరు ఈగ!" అని ఎగిరిపోతది. మేము కూడ సకిలించుడే.

ఒక్కటి చూడండి. బాపమ్మ ఎన్నడు గుర్రం కాడ మొదలు వెట్టలేదు. ఎన్నిసార్లు చెప్పినా పెద్దమ్మతోనే షురూ.

పాత_పంతులు (తెనాలి)

కరీంనగర్ అమ్మాయి అసలు కిటుకు పట్టేసింది. దాన్నే కాస్త విప్పి చెబుతాను. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, కొంచెం సాగుతుంది, ఓర్చుకోండి.

ఇంగ్లిష్ వాక్యానికి తోక వెనక పెరుగుతుంది. పిల్లి అని ముందు చెప్పేసి, అది ఏం చేసిందో వెనక ఎంతైనా వేలాడదీస్తారు. అందుకని వాళ్లకి ప్రతి పేజీలో కొత్త జంతువు ముందొస్తుంది, అలవాటైన పాట వెనకొస్తుంది. మన భాషలో "బల్లిని పట్టిన" అన్నాకే "పిల్లి" రావాలి. మీరు పిల్లి దగ్గర నిలబడి వెనక్కి నడిచారు. దాంతో ప్రతిసారీ మొదటి మాట మారిపోయింది: ఇదిగో, బల్లిని, చీమను, బెల్లం. పిల్లవాడు దేన్ని పట్టుకుని మొదలెడతాడు? బెల్లం దగ్గర మొదలెట్టి ముందుకు నడవండి. మొదలు ఎప్పటికీ మారదు, చివర మాత్రం పెరుగుతుంది. కొత్తది ఆఖరి మాటగా వస్తుంది కాబట్టి "తరిమిన..." అని ఆగితే పిల్లలే ఎగిరి చెబుతారు. ఈ సదుపాయం ఇంగ్లిష్ వాడికి లేదు.

ఇక ప్రాస. వచ్చింది, చూసింది, మింగింది. తెలుగులో క్రియ ఎలాగూ చివరికే వస్తుంది, కాబట్టి అంత్యప్రాస అడక్కుండానే పడిపోతుంది. అడక్కుండా పడేదానికి చెవి లేచి కూర్చోదు. మన పద్యానికి ప్రాస అంటే రెండో అక్షరం. సుమతి శతకంలో అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున అని పాదం పాదానికీ "క్క" ఎలా పలుకుతుందో గుర్తుందా? మీ కథలో ప్రాస నేల మీద పడి ఉంది నాయనా, మీరు తొక్కుకుంటూ తిరుగుతున్నారు. బెల్లం, బల్లి, పిల్లి, చెల్లి, తల్లి. అన్నిటికీ రెండో అక్షరం "ల్ల". ఉడత పెట్టారో, పోయింది. చీమ ఒక్కటే వెలి. దాని ముందు "నల్లని" తగిలించండి.

నడక కోసం చప్పట్లు కొట్టి చూసుకోండి, మాటకి నాలుగు మాత్రలు. హ్రస్వం ఒకటి, దీర్ఘం రెండు. ఒత్తక్షరానికి ముందుదీ, సున్నా ఉన్నదీ రెండేసి. బెల్లం నాలుగు. కొరికిన నాలుగు. నల్లని నాలుగు.

మరొక మాట, మింగించకండి. మింగితే చీమ పని అక్కడితో సరి, తర్వాతి పేజీల్లో దాని బొమ్మ ఎక్కడ వేస్తారు? తరమనివ్వండి. గూడు మాత్రం మార్చవద్దు. తెలియని మాటకి బొమ్మ వెయ్యడానికే కదా బొమ్మల పుస్తకం.

పెన్సిల్‌ముక్క

మాస్టారూ, రాత్రి ఒంటిగంట దాకా టేబుల్ మీద దరువు వేస్తూనే ఉన్నా. మా ఆవిడ లేచి వచ్చి ఏమైందని అడిగింది. ఇదీ వచ్చింది:

గూట్లో బెల్లం
కొరికిన నల్లని చీమను
తరిమిన తెల్లని బల్లిని
చూసిన అల్లరి పిల్లిని
పిలిచిన మల్లెల చెల్లిని
ఎత్తిన చల్లని తల్లి.

మొత్తం ఒకే వాక్యం, క్రియతో ముగియడం లేదు. ఇలా వదిలేయవచ్చా? కందిపొడి గారూ, క్షమించండి, బల్లి ఉండిపోయింది. నిజం చెప్పాలంటే మా ఆవిడకీ అదంటే హడలే. అందుకే కొంచెం నవ్వుమొహంతో గీశా.

బాపమ్మ_మనుమరాలు

మస్తుందన్నా! మల్లెల చెల్లి అంటే తలల పూలు వెట్టుకున్న పొల్ల కండ్ల ముందట కనిపించింది. గని "చెల్లిని ఎత్తిన" అనరు కద, ఎత్తుకున్న అంటం. బస్తాలు ఎత్తుతరు, పిల్లలను ఎత్తుకుంటరు.

పాత_పంతులు

ఆమె చెప్పింది నిజం. కానీ "ఎత్తుకున్న" పెడితే ఆరు మాత్రలై దరువు కుంటుతుంది. "వెతికిన" అనండి. పిల్లి వెంట పడి పోయిన పిల్లని తల్లి వెతకడం కథకీ అతుకుతుంది. క్రియ లేదని బెంగ వద్దు. ఆఖర్న "తల్లే దాచిన గూట్లో బెల్లం" అని ఒక ముక్క కలపండి, తిరిగి మొదటికే వస్తుంది. పిల్లలు మళ్లీ చదవమంటారు, అది మీ ఖర్మ.

మీ పెద్దబ్బాయికి ఇంకో లాభం. ఈ పాటలో ఒత్తులు చాలావరకు "ల్ల" ఒక్కటే. ద్విత్వాక్షరాలు నేర్చుకునే వయసుకి సరిగ్గా సరిపోయింది. "గూట్లో" దగ్గర ఒకసారి తడబడతాడు, పడనివ్వండి.

మడతకాగితం (విజయవాడ)

డీటీపీ, బైండింగ్ పని మాది. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగు లెక్కన పెరగాలి. మీకు 16 సరిపోతాయి: ఏ4 షీట్లు నాలుగు, సగానికి మడత. 1 అట్ట, 16 వెనకట్ట, మధ్యలో ఏడు జతలు. బెల్లం, చీమ, బల్లి, పిల్లి, చెల్లి, తల్లి, మళ్లీ బెల్లం. లెక్కేసి రాసినట్టే కుదిరింది.

మాస్టారు చెప్పిన ఆగడం ఉంది చూశారా, అది పేజీ తిప్పే చోట రావాలి. కుడిపేజీ చివర "తరిమిన..." అని ఆపండి, తిప్పగానే ఎడమపేజీ నిండా బల్లి బొమ్మ. చాలామంది కుడిపక్కనే బొమ్మ కూడా వేసేసి గుట్టు బయటపెట్టేస్తారు.

ప్రింటుకి పేజీలు పేర్చేటప్పుడు ఒక షీటు మీద పక్కపక్కన పడే రెండు అంకెలూ కలిపితే 17 రావాలి. 16 పక్కన 1, వెనకవైపు 2 పక్కన 15. ఎక్కడ 17 రాలేదో అక్కడ తప్పు. అక్షరం 24 పాయింట్లకి తగ్గించకండి. లైనుకీ లైనుకీ మధ్య జాగా వదలండి, లేకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడిని గుద్దుతుంది. మండలి ఫాంటు ఉచితంగానే దొరుకుతుంది, ఒత్తులు కలిసిపోకుండా కనబడతాయి.

పెన్సిల్‌ముక్క

పుట్టినరోజు అయింది. మూడు కాపీలు చేశా. మొదటి దాంట్లో 10 పక్కన 9 పడి, బల్లి రావలసిన చోట పిల్లి దూకింది. 17 లెక్క చూసుకోకుండా ప్రింటు నొక్కేశా, తప్పు నాదే.

పెద్దాడు "గూట్లో" దగ్గర ఆగాడు, మాస్టారు అన్నట్టే. తర్వాత ఆగలేదు. పాప మూడో తిప్పుకే "అల్లరి పిల్లి!" అని వాడికన్నా ముందు అరిచేసింది. వాడికి కోపం వచ్చి పుస్తకం మూసేశాడు. బతిమాలితే మళ్లీ తెరిచాడు.

ఆఖరి పేజీ విని వాళ్లమ్మ వైపు తిరిగింది. "నువ్వే దాచావా? ఏదీ?" అంది. మా ఇంట్లో గూడూ లేదు, ఆ పూటకి బెల్లమూ లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి కిరాణా కొట్టు షట్టరు సగం దించేశాక వంగి లోపలికి దూరి పావుకిలో తెచ్చా.