‘కను’: చూడడం, ప్రసవించడం ఒకే ధాతువా?

‘కలగన్నాను’లో ‘కను’ అంటే చూడడం. ‘కన్నతల్లి’లో మాత్రం ప్రాణం పోసి ఈ లోకంలోకి తేవడం. రూపాలు కూడా ఒకటే: కని, కన్నది, కంటే. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు రెండర్థాలూ చెబుతుంది కానీ, ఒకదాన్నుంచి ఇంకొకటి ఎలా వచ్చిందో నాకందులో దొరకలేదు.

తమిళంతో పోల్చి చూశాను. అక్కడ చూడడానికి ‘కాణ్’, ప్రసవానికి ‘ఈన్’ (మన ఆవు ‘ఈనింది’లో ఉన్నదే). దూడని ‘కన్ఱు’ అంటారు. మన ‘పసికందు’లోని ‘కందు’ దానికి చుట్టమేమో అనిపిస్తోంది. అదే నిజమై, ప్రసవించే ‘కను’ కూడా ఆ కుటుంబంలోదే అయితే ధాతువులు రెండన్నమాట. బిడ్డ ముఖం చూడడమే కనడం అనే వివరణ ఎంత అందంగా ఉన్నా, ఆధారం లేకుండా నమ్మలేకపోతున్నాను.

ఈ రెండు ‘కను’లూ ఒకే ధాతువని గానీ, వేర్వేరని గానీ తేల్చే శాసన ప్రయోగమో, సోదర భాషలోని రూపమో మీకు తెలుసా?