పాత స్కార్పియోకి కొత్త టైర్లు: రెండా, నాలుగా? రెండైతే ముందుకా, వెనక్కా?

నూజివీడు తోట:
అందరికీ నమస్కారం. మాది 2012 స్కార్పియో వీఎల్‌ఎక్స్, టూ వీల్ డ్రైవ్. లక్షా అరవై వేలు తిరిగింది. టైరు సైజు 235/70 ఆర్16. ముందు టైర్లు రెండూ లోపలి అంచున గుండయిపోయాయి, మార్చక తప్పదు. వెనక రెండింటికీ ఇంకా ఐదు మిల్లీమీటర్ల గాడి ఉంది. వాటి మీద 3418 అని ఉంది, అంటే 2018లో 34వ వారం తయారీ.

వారానికి రెండుసార్లు మామిడి తోటకి వెళ్తాను. ఆరు కిలోమీటర్లు మట్టిదారి, వానాకాలంలో ఎర్రమట్టి జారుడు. నెలకోసారి నాన్నని గుండె డాక్టరుకి చూపించడానికి హైదరాబాద్, ఇంట్లో ఆరుగురం సామానుతో సహా. షాపులో హెచ్‌టీ (తారు రోడ్డు రకం) టైరు ఒకటి తొమ్మిదిన్నర వేలు, ఏటీ (మట్టిదారికీ పనికొచ్చే గట్టి గడ్డల రకం) అయితే పదకొండున్నర వేలు చెప్పారు. "రెండు కొని ముందు వేసుకోండి సార్, వెనకవి ఇంకో రెండేళ్ళు ఆడతాయి" అంటున్నాడు షాపతను. మా బావ మాత్రం నాలుగూ ఏటీలే వేయించమంటున్నాడు. వచ్చే ఏడాదికి బండికి పదిహేనేళ్ళు నిండుతాయి, ఆర్సీ రెన్యూవల్ చేయించాలి. నాలుగూ హెచ్‌టీలైనా ముప్పై ఎనిమిది వేలు, ఈ వయసు బండి మీద అంత పెట్టడం సబబేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆటోనగర్ బాబాయ్:
తమ్ముడూ, విజయవాడలో ఇరవై రెండేళ్ళుగా అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేసే పని చేస్తున్నాను. టైరు సంగతి తర్వాత, ముందు బండిని లిఫ్ట్ ఎక్కించు. లోపలి అంచు ఒక్కటే గుండయిందంటే అది టైరు తప్పు కాదు. టో, అంటే ముందు చక్రాలు తిన్నగా చూసే కోణం, పోయి ఉంటుంది, లేకపోతే చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింటో కంట్రోల్ ఆర్మ్ బుష్షో ఊగుతూ ఉంటుంది. అది చూడకుండా కొత్తవి వేస్తే పదిహేను వేలు తిరగకముందే మళ్ళీ ఇదే కథ.

రెండే కొంటానంటే, కొత్తవి వెనక వేయించుకో, ఇప్పుడు వెనకున్నవి ముందుకి తెచ్చుకో. షాపతను చెప్పింది తిరగేసి. తడి రోడ్డు మీద ముందు టైర్లు పట్టు తప్పితే బండి మలుపు తీసుకోకుండా తిన్నగా పోతుంది. అప్పుడు ఎవరైనా చేసేది యాక్సిలరేటరు మీంచి కాలు తీయడమే, వేగం తగ్గగానే పట్టు మళ్ళీ దొరుకుతుంది. అదే వెనక టైర్లు పట్టు తప్పితే తోక పక్కకి తిరుగుతుంది. ఎత్తు బండి, పైన బరువు. స్కార్పియో గిర్రున తిరిగితే అక్కడితో ఆగదు, పల్టీ కొడుతుంది. పెద్ద టైరు కంపెనీలన్నీ రెండు కొంటే వెనకే వేయమని చెప్పేది ఇందుకే.

గ్యారేజీ మాస్టారు:
నేను ఆర్టీసీ డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. బాబాయ్ గారి అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఈ మాట ఒప్పుకోలేను. మా దగ్గర కొత్త టైరు ఎప్పుడూ ముందు చక్రానికే. అక్కడ అరిగాక రీట్రెడ్ చేసి, అంటే పైన కొత్త పట్టా అతికించి, వెనక వేసేవాళ్ళం. రీట్రెడ్ టైరు స్టీరింగ్ ఇరుసు మీద పెట్టనిచ్చేవాళ్ళం కాదు. బ్రేకు కొడితే బరువంతా ముందుకే వస్తుంది, బండిని తిప్పేవీ ముందు చక్రాలే. ముందు టైరు పేలితే స్టీరింగు చేతిలో నిలవదు. లక్షల కిలోమీటర్లు తిరిగిన బస్సుల మీద నిలబడ్డ పద్ధతి ఇది. పాతవి ముందుకి తెమ్మంటే నాకు మనసు ఒప్పదు.

ఆటోనగర్ బాబాయ్:
మాస్టారూ, బస్సు విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ బస్సుకి వెనక పక్కకి రెండేసి, మొత్తం నాలుగు టైర్లు. ఒకటి పేలినా పక్కది మోస్తుంది, డ్రైవరు మెల్లగా పక్కకి ఆపుకుంటాడు. స్కార్పియోకి వెనక పక్కకి ఒక్కటే. అది పోతే మోయడానికి ఇంకేమీ లేదు. ఇంకోటి, డిపోలో టైరుకి నంబరు, ఎక్కించిన తేదీ, తిరిగిన కిలోమీటర్లు అన్నీ రాసి ఉంటాయి. సొంత బండికి ఆ లెక్క ఎవరు పెడుతున్నారు?

నల్గొండ బొలెరో:
అన్నా, వీళ్ళిద్దరి పంచాయితీ అట్లుండనీ, నా ముచ్చట ఇనుండ్రి. నాది 2011 బొలెరో. రెండేండ్ల కింద మే నెల, పగటీలి రెండు కొడుతుంది, నకిరేకల్ దాటినం. బండ్ల ఏడుగురం, వేగం ఎనభై. ఎడమ దిక్కు వెనకనుంచి టప్ టప్ టప్ అని మొదలైంది, రాయి ఇరుక్కున్నదేమో అనుకున్న. ఆగుదామనేలోపే పటేల్మన్నది. వెనకభాగం ఒక్కసారి ఊగింది, స్టీరింగ్ గట్టిగ పట్టుకొని బ్రేకు మీద కాలు పెట్టలే, అదే కాపాడింది. దిగి చూస్తే టైరు మీది పట్టా మొత్తం తోలు ఒలిచినట్టు ఊడిపోయి మడ్‌గార్డ్ లోపల చుట్టుకున్నది. లోపలి తీగలు బయటికొచ్చి చెయ్యి పెడితే కాలుతున్నయ్.

ఆ టైరుకు గ్రిప్పు మంచిగనే ఉండె అన్నా. ఎవలకు చూపించినా ఇంకో ఇరవై వేలు పోతది అనేటోళ్ళు. తేదీ చూస్తే 0815. తొమ్మిదేండ్లు దాటింది. మా పిల్లలు ఆ రోజు వెనక సీట్లనే కూసున్నరు. మీ నాన్నను తీస్కపోయే బండికి ఏడున్నరేండ్ల టైర్లు ముందట పెట్టినా వెనక పెట్టినా నాకైతే ఒకటే. నాలుగు మార్చుండ్రి.

డాలస్ నుంచి:
నల్గొండ అన్న చెప్పింది చదువుతుంటే 2000 నాటి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ గొడవ గుర్తొచ్చింది. ఆ ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. అచ్చం ఇలాగే, పైపట్టా ఊడిపోవడం, ఎత్తు బండి పల్టీ కొట్టడం. ఎక్కువగా జరిగింది టెక్సాస్, అరిజోనా, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల్లోనే. టైరులో గాలి ఒత్తిడి 26 పీఎస్‌ఐ చాలని ఫోర్డ్ అంది, టైరు కంపెనీ 30 ఉండాలంది. గాలి తక్కువైతే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎక్కువ మడత పడుతుంది, ఆ మడతకి వేడి పుడుతుంది, వేడికి పొరల మధ్య అతుకు వదిలేస్తుంది. ఆ గొడవ తర్వాత వచ్చిన చట్టం వల్లే ఇక్కడ కార్లకి గాలి తగ్గితే దీపం వెలిగే ఏర్పాటు తప్పనిసరైంది. మన 2012 స్కార్పియోలో ఆ దీపం ఉన్నా లేకపోయినా, హైదరాబాద్ బయల్దేరే ముందు పొద్దున్నే చల్లటి టైరుకి గాలి చూసుకోండి. ఎంతుండాలో డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కరు మీద, లేకపోతే బండి పుస్తకంలో ఉంటుంది. ఆరుగురూ సామానూ ఉంటే ఫుల్ లోడుకి రాసింది పట్టాలి.

గ్యారేజీ మాస్టారు:
వయసు మాట నేను కాదనను. కానీ ఏడేళ్ళు దాటగానే పారేయాలనేది కూడా సరికాదు. మిషెలిన్ లాంటి కంపెనీయే ఐదేళ్ళ తర్వాత ఏటా చూపించుకోమంటుంది, పదేళ్ళు గరిష్ఠం అంటుంది. టైరు విప్పించి లోపలి వైపు చూడాలి. సైడ్‌వాల్ మీద వేలు నొక్కి తిప్పితే సన్న పగుళ్ళు తెరుచుకుంటాయా? ఎక్కడన్నా ఉబ్బు ఉందా? గోరు గుచ్చితే దిగుతుందా, గాజులా ఉందా? చూడకుండానే మంచి టైరు పారేయమనడం నాకు నచ్చదు, డబ్బు ఊరికే రాదు.

ఆటోనగర్ బాబాయ్:
మాస్టారూ, పదేళ్ళ మాట అన్ని దేశాలకీ కలిపి చెప్పింది. ఎండ, వేడి రబ్బరుని తొందరగా ముసలి చేస్తాయి. మా షెడ్డుకి వచ్చే బండ్లలో ఎండలో నిలిపినవి ఆరేళ్ళకే పక్కలు పగులుతున్నాయి. చూడమన్నారు చూడండి, అది మంచి మాట. నేను మాత్రం మే నెలలో ఏడేళ్ళ టైరుతో ఆరుగురిని ఎక్కించుకుని హైవే ఎక్కను.

మారేడుమిల్లి ఘాట్:
రెండా నాలుగా అన్నది తేలాక అయినా ఏటీ గురించి మాట్లాడండి బ్రో. తోట దారి, జారుడు మట్టి అని ఆయనే రాశారు కదా. నా పాత సఫారీకి యోకొహామా జియోలాండర్ ఏటీలు వేశాను, సైడ్‌వాల్ గట్టిది, వెదురు మొద్దులు తగిలినా చెక్కు చెదరలేదు. ఇంకా గట్టిగా కావాలంటే 245/75 వేసేయండి. పాత స్కార్పియోలకి కంపెనీయే ఆ సైజు ఇచ్చింది, బండి ఎత్తు పెరుగుతుంది, చూడ్డానికీ బాగుంటుంది.

ఆటోనగర్ బాబాయ్:
ఏటీ చెడ్డదని కాదు తమ్ముడూ. ఆయన తిరిగేది లెక్క వేయి. తోటకి వారానికి ఇరవై నాలుగు కిలోమీటర్లు, నెలకి వంద. హైదరాబాద్ పోయిరావడం ఒక్కటే ఆరు వందలు. గట్టి గడ్డల టైరు తారు మీద మోత, డీజిలు ఎక్కువ, పైగా తడి తారు మీద చాలా ఏటీలకి బ్రేకు దూరం పెరుగుతుంది. నెలకి వంద కిలోమీటర్ల మట్టి కోసం ఆరు వందల కిలోమీటర్ల తారు మీద పట్టు ఎందుకు వదులుకోవాలి? టూ వీల్ డ్రైవ్ కాబట్టి బాగా జారే రోజున తోట గేటు దగ్గర బండి ఆపి నడవడమే మేలు.

ఇక సైజు. 235/70 ఆర్16 టైరు ఎత్తు దాదాపు 735 మిల్లీమీటర్లు. 245/75 అయితే 774. ఐదు శాతం పెద్దది. మీటరు వంద చూపిస్తుంటే బండి 105లో పోతుంటుంది, బ్రేకు మీద భారం పెరుగుతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పితే చక్రం చుట్టూ ఉండే లైనర్‌కి రాసుకునే ప్రమాదం ఉంటుంది. పాత స్కార్పియోకి కంపెనీ ఇచ్చింది వేరే సంగతి. ఈ బండికి ఏ సైజు రాసి ఉందో అదే వేయండి. లోడ్ నంబరు 105కి తగ్గకూడదు, 105 అంటే ఒక్కో టైరు 925 కిలోలు మోస్తుంది. ఆ నంబరు తక్కువున్న టైరు అగ్గువకి ఇస్తామంటారు, జాగ్రత్త.

మారేడుమిల్లి ఘాట్:
నెలకి వందే అని నేను లెక్కేసుకోలేదు. అలాగైతే హెచ్‌టీ సరే. కానీ వానలో తోట మధ్యలో ఇరుక్కుంటే నన్ను తలుచుకుంటారు, ట్రాక్టరు నంబరు దగ్గర పెట్టుకోండి.

నూజివీడు తోట:
అందరికీ దండాలు. నిన్న పని అయింది. మాస్టారు చెప్పినట్టు వెనకవి విప్పించి చూపించాను. బయటికి బాగానే ఉన్నాయి. ఎడమదానికి లోపలి సైడ్‌వాల్ వేలితో నొక్కితే గోటి గీతల్లాంటి పగుళ్ళు చుట్టూతా తెరుచుకున్నాయి. బయట నిలబడి చూస్తే కనపడేవే కావు. ఇక రెండా నాలుగా అనే మాట లేదు. కుడివైపు కింది బాల్ జాయింట్ కూడా ఊగుతోంది, బాబాయ్ ఊహ నిజమే, అది మార్చాకే అలైన్‌మెంట్ చేశారు. నాలుగూ హెచ్‌టీలే, అదే సైజు, 105. షాపులో మొదట ఇచ్చిన నాలుగింటిలో ఒకదాని మీద 1023 ఉంది. అడిగితే "స్టాకు సార్, కొత్తదే" అన్నారు. వద్దన్నాను, మిగతా మూడింటి తేదీకి దగ్గరిది తెచ్చి ఇచ్చారు. 2025 సెప్టెంబరులో టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కదా, బిల్లులో అది సరిగ్గానే వేశారు.

గ్యారేజీ మాస్టారు:
మంచి పని చేశావు బాబూ. పగుళ్ళు కనపడ్డాక నేనూ ఉంచమనను. ముందూ వెనకా వాదన మాత్రం బాబాయ్ గారితో నాకు ఇంకా తేలలేదు. నాలుగూ సమానంగా అరిగితే ఆ ప్రశ్నే రాదు కాబట్టి ఎనిమిది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పిడి చేయించు. స్టెప్నీ తేదీ చూశావా?

నూజివీడు తోట:
ఇప్పుడే టార్చి వేసుకుని బండి కింద దూరి చూశాను మాస్టారూ. 4711. బండితో వచ్చిందే, పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ నేల తాకలేదు. గాడి కొత్తదానిలా పూర్తిగా ఉంది, తయారైనప్పటి రబ్బరు మీసాలు కూడా ఊడలేదు. పక్కలు మాత్రం ఎండిన చెరువు నేలలా పగిలి ఉన్నాయి. బాబాయ్, సోమవారం ఆటోనగర్ వస్తున్నాను, ఐదోది చూసి ఉంచండి.