శ్రీలంక మాజీ అధ్యక్షుడు గొటబాయ రాజపక్సని రొమేనియా పాత పాలకుడు చౌషెస్కుతో పోల్చొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

అన్నలూ అక్కలూ, మాది గజపతినగరం దగ్గర ఊరు, విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను, వచ్చే వారం సెమినార్‌లో నా టాపిక్ ఇదే. నేను రాసుకున్నది ఏటంటే, రొమేనియాలో చౌషెస్కు విదేశీ అప్పు తీర్చడానికి తిండి కూడా ఎగుమతి చేసేసి జనాన్ని రేషన్ లైన్లలో నిలబెట్టాడు, 1989 డిసెంబర్ 21న అతని సభలోనే జనం తిరగబడ్డారు, 25న కాల్చేశారు. ఇటు గొటబాయ 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశాడు, వరి దిగుబడి పడిపోయింది, 2022 జులైలో దేశం వదిలి పారిపోయాడు. మా నాన్న వరి రైతు, టైముకి యూరియా అందకపోతే ఇంట్లో ఎలాగుంటాదో నాకు తెలుసు, అందుకే ఇది చదువుతుంటే చాలా బాధేసింది.

కానీ మా సార్ ఏమన్నారంటే, గొటబాయ 2019లో ఓట్లతో గెలిచినోడు, చౌషెస్కుది ఒకే పార్టీ పాలన, ఇద్దర్నీ ఒకే గాటన కట్టకూడదని. అది నిజమే అనిపిస్తుంది. మరి ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు మార్కోస్ అయితే సరిపోతాడా? అతనూ ముందు ఎన్నికల్లోనే గెలిచాడు, 1972లో మార్షల్ లా (సైన్యం చేతికి అధికారం ఇచ్చే పాలన) పెట్టాడు, 1986లో జనం రోడ్డెక్కితే హవాయికి పారిపోయాడు. అయితే గొటబాయ రెండున్నరేళ్ళకే దిగిపోయాడు, మార్కోస్ 20 ఏళ్ళు ఉన్నాడు, ఈ తేడాని ఎలా రాయాలో అర్థమవట్లేదు. అసలు ఎవరిని నియంత అనాలి, ఎవరిని చెడ్డ పాలకుడు అని వదిలేయాలి, దేన్ని బట్టి చూస్తారు? హిస్టరీ, పొలిటికల్ సైన్స్ చదివినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, సోమవారం లోపు కావాలి.